పేరు లేని హోటల్లో పూట భోజనం

ఈ విమానాశ్రయానికి వరుసగా మూడో ఏడాది కూడా 'ఉత్తమ భోజన గమ్యం' పురస్కారం లభించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. న్యాయనిర్ణేతలందరూ ఇంట్లో తిని వచ్చారు. కడుపు నిండి ఉంటేనే తీర్పు నిష్పక్షపాతంగా ఉంటుందని వారి అభిప్రాయం.

పురస్కార సభలో విమానాశ్రయం డైరెక్టరు మాట్లాడారు. "ఒకప్పుడు ప్రయాణికుడికి ఆకలేస్తే అన్నం పెట్టేవాళ్లం. అది పాత పద్ధతి. ఈనాడు ఆకలినే ఒక అనుభవంగా తీర్చిదిద్దాం" అన్నారు. చప్పట్లు మోగాయి. సభ తర్వాత విందు జరిగింది. విందుకు భోజనాలు ఊళ్లోంచి తెప్పించారు.

ఆ రోజు పొద్దున ఒక విమానం దిగి, సాయంత్రం ఇంకో విమానం ఎక్కాల్సిన వాళ్లలో ఒక కుటుంబం ఉంది. ఒక బీమా కంపెనీ అధికారి, ఆయన భార్య, ఆవిడ తల్లి. అధికారిని చుట్టాలు 'రేటింగు బావ' అంటారు. ఫోనులో నాలుగు స్టార్లకు తక్కువ చూపించే హోటల్లో ఆయన చెయ్యి కూడా కడుక్కోడు. పెళ్లిచూపులకు వెళ్లిన రోజున ఆ వీధికి ఎన్ని స్టార్లున్నాయో చూశాకే కాఫీ తాగాడని ప్రచారంలో ఉంది. ఆయన ఖండించలేదు.

అత్తగారికి షుగరు. మాత్ర వేసుకుంటే అరగంటలో తినాలి. తినకపోతే చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. అందుకే ఇంట్లో అన్నం, వంకాయ కూర వండి స్టీలు క్యారియర్‌లో సర్దుకున్నారు. క్యారియర్ మూత మీద పోయిన భర్త పేరు చెక్కి ఉంటుంది. బయల్దేరేటప్పుడే అల్లుడు అభ్యంతరం చెప్పాడు.

"ఎయిర్‌పోర్టులో డబ్బా విప్పుతారా అత్తయ్యా? చూసినవాళ్లు ఏమనుకుంటారు? అక్కడ దొరకనిదంటూ ఉండదు."

"దొరికితే మీరు తినండి బాబూ. నాకిది చాలు" అన్నారావిడ.

మారే విమానానికి మళ్లీ తనిఖీ ఉంటుంది. వరుసలో నిలబడి ఆవిడ మాత్ర వేసుకున్నారు. అవతలికి వెళ్లగానే తినొచ్చని లెక్క. తనిఖీ అధికారిణి క్యారియర్ మూత తీసి, గిన్నెను ఒక పక్కకు వంచి చూసింది. కూర కదల్లేదు. నూనె కదిలింది.

"ఇది ద్రవం. తీసుకెళ్లకూడదు."

"ద్రవమేంటమ్మా, ముద్ద కూర. చెంచా నిలబెడితే నిలబడుతుంది."

"కూర నిలబడుతుందండీ. నూనె నిలబడదు. రూలు నూనెకి."

"పోనీ, ఇక్కడే తినేస్తాను."

"ఇక్కడ తినకూడదు. లోపలికి వెళ్లి తినండి."

"లోపలికి తీసుకెళ్లనివ్వు మరి."

"లోపలికి తీసుకెళ్లకూడదు."

రెండు నిబంధనల్లో ఏదీ ఉల్లంఘించకుండా క్యారియర్, బల్ల వెనకాల ఉన్న తొట్టిలోకి వెళ్లింది. అల్లుడు అధికారిణికి థాంక్స్ చెప్పాడు. పెద్ద భారం దిగినట్టు కనిపించాడు.

ఆ తర్వాత వెతుకులాట మొదలైంది. మొదటి హోటల్లో మెనూ లేదు. గోడ మీది గుర్తును ఫోనుతో చదివించుకోవాలి. చదివిస్తే వంటమనిషి ఆత్మకథ వచ్చింది. రెండోదాంట్లో బంగాళాదుంప ఏ కొండ వాలులో పండిందో, దాన్ని తవ్విన రైతు ఏం ఆలోచిస్తూ తవ్వాడో వివరంగా రాశారు. బంగాళాదుంప మాత్రం అయిపోయింది. పక్కదాంట్లో కుర్చీలు నడుమెత్తు ఉన్నాయి, వాటికి వీపు లేదు. కూర్చున్నవాడు త్వరగా లేవాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. అత్తగారు ఎక్కలేకపోయారు కాబట్టి ఉద్దేశం ముందే నెరవేరింది.

దారిలో ఒక బన్నుల బండి కనిపించింది.

"ఏవండీ, అమ్మకి ఒక బన్ను తీసుకోండి. చేతులు చూడండి, ఎలా వణుకుతున్నాయో" అంది భార్య.

అల్లుడు ఫోను చూశాడు. "మూడున్నర. ఎవరో 'బన్ను మామూలుగా ఉంది' అని రాశారు. మామూలు బన్ను తినడానికి ఇంత దూరం వచ్చామా?"

"అమ్మ పడిపోతే?"

"అందుకే మంచిది వెతుకుతున్నా. మీ అమ్మకని ఏదో ఒకటి పెట్టేస్తానా నేను?"

ఆ గౌరవానికి అత్తగారు ఒక స్తంభం పట్టుకుని నిలబడ్డారు. కూతురు హ్యాండ్‌బ్యాగు అడుగున దొరికిన చాక్లెట్‌కు కాగితం ఊడదీసి తల్లి నోట్లో పెట్టింది. దానికి రేటింగు ఎంతో మాత్రం భర్తకు చెప్పలేదు.

అంతలో అల్లుడి ముఖం వెలిగింది. "దొరికింది! నాలుగు పాయింట్ తొమ్మిది! 'అమ్మ గుర్తొచ్చింది' అని రాశారు చాలామంది. ఒకాయన ఏడ్చాట్ట."

ఆ హోటలుకు పేరు లేదు. తనిఖీ హాలు వెనకాల మెట్లెక్కితే వస్తుంది. బయట జనం బారులు తీరి ఉన్నారు. నిర్వాహకుడు టై సర్దుకుని, వరుసలో ఉన్నవాళ్లకు సంస్థ ఆశయాలు వినిపిస్తున్నాడు.

"మాకు వంటశాల లేదు. పొయ్యి లేదు. కాబట్టి అగ్నిప్రమాదం లేదు. మా వంటవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఒక్కరికీ జీతం లేదు, ఎందుకంటే తాము మా దగ్గర పనిచేస్తున్నట్టు వాళ్లకు తెలియదు. రేపు ఏం వడ్డిస్తామో ఈరోజు మాక్కూడా తెలియదు. అదే మా ప్రత్యేకత."

"ఏం కాన్సెప్టండీ!" అన్నాడు అల్లుడు.

లోపల తెల్లటి గుడ్డ పరిచిన బల్ల దొరికింది. అతిథి సొంతంగా కోరుకోవడానికి వీల్లేదు కనుక వడ్డించే మనిషే నిర్ణయించి, పళ్లేల మధ్య ఒక స్టీలు క్యారియర్ పెట్టి మూత తీశాడు. అన్నం, వంకాయ కూర.

అత్తగారు మూతను తిప్పి చూశారు. కూతురికి చూపించారు.

"ఏవండీ, ఇది నాన్న పేరు."

అల్లుడు మూత చదివాడు. "ఒకే పేరు ఎంతమందికి ఉండదు? ఇది చెఫ్ పేరయ్యుంటుంది. పెద్ద చోట్ల గిన్నె మీద సంతకం చేస్తారు."

"చెఫ్ కాదు బాబూ. నీటిపారుదల శాఖలో గుమాస్తా" అన్నారు అత్తగారు. చెప్పాల్సింది అంతే అన్నట్టు అన్నం కలుపుకున్నారు. అప్పటికి ముద్ద నోటిదాకా తీసుకెళ్లడానికి ఆవిడకు రెండు చేతులూ కావలసి వచ్చాయి. తింటుండగా వణుకు తగ్గింది. తగ్గాక అన్నారు: "పొద్దున తొందరలో ఉప్పు తక్కువేశాను."

అల్లుడు అటూ ఇటూ చూశాడు. "మెల్లిగా అనండి అత్తయ్యా. నాలుగు పాయింట్ తొమ్మిది. ఉప్పు తక్కువెయ్యడం ఇక్కడి స్టైలు. మనకి అలవాటు లేక అలా అనిపిస్తుంది." రెండు ముద్దలు తిని కళ్లు మూసుకున్నాడు. "ఇంట్లో మీరూ చేస్తారు వంకాయ. ఏమీ అనుకోకండి, ఈ రుచి రాదు. వీలైతే వీళ్లనడిగి నేర్చుకోండి."

బిల్లు వచ్చింది. అత్తగారు కూర కట్టివ్వమని అడిగారు. బయటి ఆహారం లోపలికి తేకూడదు, లోపలి ఆహారం బయటికి ఇవ్వకూడదు అని నిర్వాహకుడు వినయంగా చెప్పాడు. ఖాళీ క్యారియర్ అయినా ఇవ్వమన్నారు. అది సంస్థ ఆస్తి అన్నాడు. అత్తగారు మూత మీది పేరును వేలితో ఒకసారి తడిమి, అక్కడే పెట్టేశారు. అల్లుడు ఐదు స్టార్లూ ఇచ్చి, 'అమ్మ గుర్తొచ్చింది' అని రాశాడు. ఎవరి అమ్మ అన్నది రాయలేదు.

తిరుగు ప్రయాణం కూడా ఆ విమానాశ్రయం మీదుగానే. ఈసారి అల్లుడే మార్కెట్టుకు వెళ్లి వంకాయలు, కొత్త క్యారియర్ కొనుక్కొచ్చాడు.

"నూనె కాస్త ఎక్కువ పొయ్యండి అత్తయ్యా. తనిఖీలో తప్పకుండా పట్టుకోవాలి. లేకపోతే మనం డబ్బాలోంచి తినాల్సొస్తుంది."

అత్తగారు సరేనన్నారు. కూర రెండు గిన్నెల్లో వండారు. మంచి గిన్నెలోది తానూ కూతురూ వేడిగా తిని, మాత్ర వేళ తప్పకుండా చూసుకున్నారు. రెండో గిన్నెలో ఉప్పే వెయ్యలేదు. ముక్కలు సగమే ఉడికాయి. నూనె మాత్రం మూత దాకా పోసి క్యారియర్‌లోకి ఎత్తారు. తనిఖీలో అధికారిణి మూత తియ్యకముందే పట్టుకుంది.

మెట్ల మీది హోటల్లో అల్లుడు ఒక్కడే తిన్నాడు. తల్లీకూతుళ్లు ఆకలి లేదన్నారు. పోయినసారికంటే హోటలువాళ్లు ఇంకా ఎదిగారని అతను రాశాడు. దాని కింద చాలామంది ఏకీభవించారు.

ఈ సంగతి ఇప్పటికి ఎందరికో చెప్పడం జరిగింది. ఆ పెద్దావిడకు మొదటి క్యారియర్ తిరిగి దొరికిందా అని ఒక్కరూ అడగలేదు. టేబులు ముందుగా బుక్ చేసుకోవచ్చా అని మాత్రం అందరూ అడిగారు. చేసుకోవచ్చు. వచ్చేటప్పుడు మీ అమ్మగారి చేత ఏదైనా వండించి తీసుకురావలసిందిగా మనవి.