టీచర్లను ఆపే కంప్యూటర్

బడుల నుంచి టీచర్లు వెళ్లిపోవడం మన రాష్ట్రానికి పట్టిన అదృష్టం! కోపం తెచ్చుకోకండి, పూర్తిగా వినండి.

టీచర్లు కుదురుగా కూర్చుని పాఠాలు చెప్పుకున్న రోజుల్లో ఎవరైనా వాళ్ల మొహం చూశారా? లేదు. ఒక్కొక్కరే లేచి వెళ్లడం మొదలుపెట్టేసరికి ఏకంగా గ్రాంటు వచ్చింది! దాని పేరు ఉపాధ్యాయుల నిలుపుదల గ్రాంటు. ఉన్నప్పుడు లేని విలువ వెళ్లిపోతే వచ్చిందంటే, వెళ్లడం మంచిదా, ఉండడం మంచిదా? మీరే చెప్పండి.

నేనుండేది లింగంపల్లిలో. మా అమ్మాయి ప్రియాంక అక్కడి హైస్కూల్లోనే పదో తరగతి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల భవనం లేచిందో లేదో, మా బడి స్టాఫ్ రూమ్‌లో కుర్చీలు ఖాళీ అవడం మొదలైంది. ఫిజిక్స్ సారు అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని మాయమయ్యాడు. ఇంగ్లీషు మేడమ్ అమెరికా డాక్టర్లు చెప్పే జబ్బులన్నీ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని, టైపు కొట్టే ఉద్యోగంలో చేరింది. సోషల్ సారుకు కంప్యూటర్ ఎక్కలేదు గానీ మ్యాపులు చూపించడం వచ్చు కదా, గచ్చిబౌలిలో ప్లాట్లు అమ్ముతున్నాడు. డ్రిల్లు మాస్టారు ఆ అద్దాల భవనం గేటు దగ్గర సెక్యూరిటీ ఆఫీసరు. ఊదే విజిల్ మాత్రం మా బడిదే!

దీనివల్ల ఎంత మేలు జరిగిందో చూడండి. బడిలో కేకలు లేవు, బెత్తం దెబ్బలు లేవు. పిల్లల క్రికెట్ బ్రహ్మాండంగా మెరుగుపడింది. నాకూ ఇంట్లో హాయి. ప్రోగ్రెస్ కార్డులో సగం గళ్లు ఖాళీ, తిడదామంటే మార్కులే లేవు.

ఇంత చక్కగా సాగుతున్న వ్యవహారానికి ఒకావిడ అడ్డుపడింది. ఆవిడ కెజియా టీచర్. పదో తరగతికి లెక్కలు చెబుతుంది. వాళ్ల చర్చిలోనే పాటలు పాడే ఒక మేనేజరు గారు తమ సాఫ్ట్‌వేర్ కంపెనీకి రమ్మని రెండుసార్లు పిలిచారట. "మార్చిల పిల్లలకు పబ్లిక్ పరీక్షలున్నయి, ఇప్పుడెట్ల వస్తనన్నా?" అని పంపేసిందట. అభివృద్ధి అంటే బొత్తిగా గౌరవం లేని మనిషి!

అంతటితో ఊరుకుందా? త్రికోణమితి పేరు చెబితే మా ప్రియాంకకు జ్వరం వచ్చేది. హాయిగా ఆ జ్వరంతోనే పరీక్ష రాసి ఫెయిలయ్యేది కదా! ఈవిడ పిల్లలందర్నీ ఎండలోకి తీసుకెళ్లి, బడి నీళ్ల ట్యాంకు నీడను బట్టి దాని ఎత్తు లెక్కగట్టించింది. అప్పట్నుంచి మా పిల్ల స్తంభం కనిపిస్తే చాలు, ఎత్తు చెబుతానంటుంది. మొన్న పెళ్లిలో పొడుగాటి పెళ్లికొడుకును చూసి నీడ వెతికింది. పరువు పోయింది.

సరిగ్గా ఆ సమయంలో గ్రాంటు వచ్చింది. షరతులు ఎంతో ఆలోచించి రాశారు. జీతాలకు వాడరాదు. కొత్త టీచర్లను వేసుకోరాదు. ఉన్నవారికి వెళ్లాలనే కోరిక పుట్టకుండా తగిన ఏర్పాట్లు చేయాలి. మా హెడ్‌మాస్టరు భీమేశ్వరరావు గారిది గోదావరి వైపు. పిల్లల తల్లిదండ్రులందర్నీ పిలిచి మీటింగ్ పెట్టారు.

"ఒక్క మాట అడుగుతానండీ. మన టీచర్లు దేనికోసం వెళ్తున్నారండీ? కంప్యూటర్ కోసమే కదండీ? ఆ కంప్యూటరేదో మనమే తెచ్చి ఇక్కడ పెట్టేస్తే ఇంకెందుకు వెళ్తారండీ?" అన్నారు.

హాలంతా చప్పట్లు! తాగుబోతులను ఇంట్లో ఉంచడానికి ఇంట్లోనే దుకాణం పెట్టినంత గొప్ప ఆలోచన మరి!

కంప్యూటర్ వచ్చింది. దానికి తోడుగా ఏసీ వచ్చింది. బడి మొత్తానికి వానకు కారని గది ఒకటే ఉంది, పదో తరగతిది. పిల్లల్ని వరండాలోకి పంపి గది దానికిచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. మానిటర్‌కు బొట్టు పెట్టారు. మౌస్‌ను కూడా వదలకుండా పసుపు రాస్తే అది రెండు రోజులు కదల్లేదు. చెప్పులు గుమ్మం బయటే వదలాలి. పిల్లలు లోపలికి రాకూడదు, దుమ్ము వస్తుంది. బడికి అన్నిటికన్నా ప్రమాదకరమైనది పిల్లల కాళ్ల దుమ్మేనని మాకు అప్పుడే తెలిసింది.

తర్వాత టీచర్లకు శిక్షణ. బడిలోనే ఉండిపోయినందుకు కానుకగా అందరికీ ఉచితంగా కంప్యూటర్ నేర్పించారు. ఎంత బాగా నేర్పించారంటే, అది పూర్తయిన నెలలోనే హిందీ మేడమ్, బయాలజీ సారు ఇద్దరూ ఉద్యోగాలు సంపాదించుకుని వెళ్లిపోయారు! ఇద్దర్నీ శాలువాలు కప్పి సాగనంపారు. శాలువాలు కూడా గ్రాంటులోవే.

ఇన్‌స్పెక్షన్‌కు ఒక పెద్ద అధికారి వచ్చారు. చెప్పులు విప్పి, గదిలోకి వెళ్లి, ఏసీ కింద కాసేపు సేదతీరి, "దీనికి ఇన్‌చార్జి ఎవరయ్యా?" అని అడిగారు. నిలుపుదల గ్రాంటుతో కొన్న వస్తువు దగ్గర శిక్షణ పొందిన టీచర్ బడి వేళంతా ఉండాలట. శిక్షణ పొందినవాళ్లలో మిగిలింది ఎవరు? కెజియా టీచర్ ఒక్కతే!

ఆ మర్నాటి నుంచి ఆవిడను క్లాసులు మాన్పించి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. పదో తరగతికి లెక్కలు ఎవరు చెబుతారని నేను వెళ్లి అడిగాను. "ఆర్డరండీ. నా చేతుల్లో ఏముందండీ?" అన్నారు భీమేశ్వరరావు గారు.

పోనీ, ఆ కంప్యూటర్‌తో ఏదైనా పని చేసుకోవచ్చా? వీల్లేదు! రెండు వేల సంవత్సరం వచ్చేస్తోంది కదా, కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడి పాడైపోతాయని పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. జనవరి ఒకటి దాటేదాకా ఆన్ చేయరాదు. దాంతో మెషీన్ మీద గుడ్డ కప్పేశారు. కప్పిన గుడ్డకు ఎదురుగా, ఏసీ చలికి చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, మా లెక్కల టీచర్ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చునేది. గ్రాంటు నూటికి నూరు శాతం విజయవంతం! టీచర్ నిలిచింది. కదలడానికి వీల్లేకుండా నిలిచింది.

కానీ కొందరికి పనిచేసే జబ్బు అంత సులువుగా వదలదు. ఆవిడ ఏం చేసిందో తెలుసా? కిటికీ తెరిచింది! వరండాలో పిల్లల్ని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, ఊచల మధ్య నుంచి లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. పలక మీద రాసి చూపించేది, పిల్లలు నోటు పుస్తకాల్లో చేసేవాళ్లు. పైగా ఏసీ గాలి ఉచితం. బడికి రాని వెధవలు కూడా రావడం మొదలుపెట్టారు. మా ప్రియాంక మళ్లీ స్తంభాలు కొలవసాగింది.

ప్రభుత్వం వారి చల్లగాలిని పిల్లలు పీల్చేస్తుంటే అధికారులు ఊరుకుంటారా? మెమో వచ్చింది. ఏసీ గది కిటికీ తెరవరాదు. వడ్రంగిని పిలిపించి కిటికీ అద్దాల రెక్కలకు మేకులు కొట్టించారు. ఇక అద్దంలోంచి టీచర్ పిల్లలకు కనిపిస్తుంది, పిల్లలు టీచర్‌కు కనిపిస్తారు, మాట మాత్రం వినిపించదు.

ఇంతలో అర్ధ సంవత్సర పరీక్షలు వచ్చాయి. లెక్కల పరీక్ష రోజు మా ప్రియాంక ఇంటికొచ్చి పుస్తకాల సంచి మంచం మీద పడేసి వెక్కి వెక్కి ఏడ్చింది. "సగం పేపరు మాకు చెప్పనే లేదు నాన్నా. అడుగుదామంటే టీచర్ అక్కడే కూర్చుని ఉంది. కానీ అడగకూడదట" అంది. ఇప్పటిదాకా మీతో నవ్వుతూ మాట్లాడాను గానీ, ఆ రోజు మాత్రం నవ్వలేకపోయాను.

తెల్లారగానే బడికి పరుగెత్తాను. కెజియా టీచర్ రాజీనామా ఇచ్చేసి, టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటోంది.

"మీరు కూడానా టీచర్ గారూ?" అన్నాను.

"ఏం చెయ్యమంటరు సార్? ఈడున్నా కంప్యూటర్ ముంగటనే కూసోవాలె, ఆడికి పోయినా కంప్యూటర్ ముంగటనే కూసోవాలె. ఆడనైతే జర పనన్నా ఉంటది" అంది.

సంచి భుజాన వేసుకుని మళ్లీ అంది, "పిల్లలు అద్దంలకెళ్లి నన్నే చూస్తుంటే పానం గుంజుతది సార్. చూసుకుంట ఊకె కూసునుడు నాతోని కాదు."

గేటు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయమేమో.

భీమేశ్వరరావు గారు వెంటనే పైకి రిపోర్టు పంపారు. సాఫ్ట్‌వేర్ ఆకర్షణకు లోబడి మరొక ఉపాధ్యాయురాలు వెళ్లిపోయినందున, సమస్య తీవ్రత దృష్ట్యా గ్రాంటు పెంచి ఇంకో కంప్యూటర్, ఇంకో ఏసీ ఇప్పించాలని కోరారు. తప్పకుండా ఇస్తారు. వానకు కారని గది ఇంకొకటి లేదన్నదే ఆయన బెంగ.

పాఠం చెబుతానన్న మనిషిని పాఠం చెప్పనివ్వకపోవడానికి ఇంత ఖర్చు అవసరమా అని మీలో ఎవరికైనా అనుమానం రావచ్చు. రానివ్వకండి. అధికారుల దక్షత మీద నాకు అపారమైన నమ్మకం ఉంది. అందుకే ఏలినవారికి ఒక మనవి చేసుకుంటున్నాను.

అయ్యా, ఈ గ్రాంటు మా బడికి వద్దు. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఇవ్వండి. ఇదే షరతులతో, ఇదే అధికారుల చేత అక్కడివాళ్లను నిలబెట్టించండి. నెల తిరిగేసరికి ఒక్కరంటే ఒక్కరు అక్కడ మిగలరు. అలా బయటికి వచ్చేవాళ్లలో లెక్కలు చెప్పే ఒకావిడ ఉంటుంది. మార్చి ఇంకా రాలేదు. మా పిల్లలు వరండాలోనే కూర్చుని ఉన్నారని ఆవిడకు చెప్పండి.