ఏడుగురూ కలిసే ముట్టుకుంటారు

"కాన్పులో నరం దెబ్బతిన్న పసిబిడ్డను ఇకమీదట ఏ ఒక్క డాక్టరూ ముట్టుకోడు. ఏడుగురు నిపుణులూ కలిసే ముట్టుకుంటారు" అని ఆరోగ్యమంత్రిగారు సెలవిచ్చినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ఏడుగురి మీటింగులకు మినిట్స్ రాసే గుమస్తాను కాబట్టి మిగతావాళ్లకంటే కాస్త గట్టిగానే కొట్టాను.

పథకానికి మొదటి పేషెంటు నాలుగు నెలల పాప. పుట్టేటప్పుడు మెడ దగ్గర నరం తెగి కుడిచెయ్యి వేలాడుతోంది.

"తొమ్మిది నెలలు నిండేలోపు అతకాలి. వచ్చే వారమే చేసేస్తానమ్మా" అన్నారు టీంలోని సర్జన్, పాప తల్లితో.

ఆయనకు మెమో వెళ్లింది. ఒంటరిగా నయం చేయబోవడం టీం స్పిరిట్‌కు విరుద్ధమట.

మొదటి మీటింగు టీం పేరు దగ్గరే ఆగిపోయింది. 'నరాల బృందం' అంటే ఎముకల డాక్టరుగారు నొచ్చుకున్నారు. రెండోదాంట్లో మధ్య కుర్చీ ఎవరిదని లోతైన చర్చ జరిగి, చివరికి గుండ్రటి బల్లకు టెండర్ పిలిచారు. మూడోదానికి ఆరుగురే వచ్చారు. ఏడో ఆయన 'కలిసి పనిచేయడం ఎలా' అనే సదస్సులో ఉపన్యాసానికి వెళ్లారు. ఇంత దీక్ష నేనెక్కడా చూడలేదు.

ప్రతిసారీ పాప తల్లి వరండాలో బెంచీ మీద కూర్చునేది.

"అన్నయ్యా, ఇవాళైనా పిలుస్తారా?"

"మీ పాప గురించే మాట్లాడుతున్నారమ్మా" అనేవాణ్ణి. అబద్ధమాడినందుకు సిగ్గేసేది.

ఎట్టకేలకు బల్ల వచ్చింది. దాని ప్రారంభోత్సవానికి మంత్రిగారూ వచ్చారు. పాపను లోపలికి పిలిచారు. అప్పటికి దానికి పద్నాలుగో నెల.

సర్జన్ పరీక్ష చేసి తల దించుకున్నారు. "ఇక అతికినా లాభం లేదు సార్."

"అలా ఒక్కరే అనేస్తే ఎలాగయ్యా? టీం అనాలి. లాభం లేదనేవాళ్లు చేతులెత్తండి" అన్నారు మంత్రిగారు.

ఏడుగురూ చేతులెత్తేశారు. మినిట్స్‌లో నేను 'ఏకగ్రీవం' అని రాసింది ఆ ఒక్కసారే. అందర్నీ చూసి, తల్లి ఒళ్లో పాప కూడా నవ్వుతూ చెయ్యెత్తింది.

"ఎత్తిందయ్యా, పాప చెయ్యెత్తింది" అంటూ మంత్రిగారు గబగబా వెళ్లి పక్కన నిలబడ్డారు. ఫొటో తీశారు.

"అది బాగున్న చెయ్యండీ, ఎడమది" అంది తల్లి.

"అలాంటి వివరాలు పీఆర్వోగారు చూసుకుంటారమ్మా."

ఆయన చూసుకున్నారు. మర్నాడు పేపరు మొదటి పేజీ ఫొటోలో పాప కుడిచెయ్యే పైకెత్తి ఉంది. మంత్రిగారి వాచీ కూడా కుడిచేతికి మారింది.