మైకులో గుయ్యిమన్న దొంగ

లక్ష్మీతులసికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని ఉండగా ఉయ్యాల్లో పాప ఏడిస్తే వినపడదేమోనని. అందుకే ఉయ్యాలకి కట్టిన తాడు రెండో కొసని కాలి బొటనవేలికి ముడేసుకుని మరీ మైకు ముందు కూర్చుంటుంది.

రెండో భయం ఆ పూట గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మాయ్! నీ కష్టాలు తీరిపోయినట్టే. ముమ్మిడివరం మండలంలో నేరాన్ని గజగజలాడించిన డిటెక్టివ్ బాపిరాజు రంగంలోకి దిగేడు!"

పక్కింటి బాబాయిగారాయన. ఎవరో రోజూ తన గుమ్మం ముందు అడుగుజాడలు వదిలి వెళ్తున్నారని కిందటి నెల వారం రోజులు కాపు కాసి, చివరికి తన చెప్పులనే స్వాధీనం చేసుకున్నారు.

తొమ్మిదో తరగతితో చదువాగిపోయిన తులసిని సర్టిఫికెట్ అడక్కుండా గొంతొక్కటే అడిగింది, హైదరాబాదులోని ఒక పిల్లల కథల కంపెనీ. ఆ సాయంత్రం అయిదులోగా మచ్చుకి ఒక కథ చదివి పంపాలి. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్, చవక మైకు. గోడలకి బొంతలూ కొబ్బరిపీచు పట్టాలూ వేలాడదీస్తే ప్రతిధ్వని పోయింది. కానీ పదిరోజులుగా ఏం చదివినా వెనకాల 'గుయ్య్'మని ఒకటే మోత.

"ఇది శత్రువుల సంకేతమమ్మా!"

"రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లేమోనండీ?"

"అవి ఇందాకే ఆపించేను."

"అయ్యబాబోయ్, రొయ్యలు చచ్చిపోతాయండీ!"

"చెరువాయనా అదే అని కర్రట్టుకున్నాడు. మళ్ళీ వేయించేసేను. మోత ఆగలేదు కదా? ఒక అనుమానితుడు తగ్గేడు!"

భూతద్దం తీసి, తులసి కాలి తాడు పట్టుకుని, "ఈ రహస్య తీగ ఎటు పోతోంది?" అంటూ పాక్కుంటూ ఉయ్యాల దాకా వెళ్ళారు. "ముఠా నాయకురాలు దొరికింది!"

పాప కెవ్వుమంది.

"మోత ఎప్పట్నించమ్మా?"

"అత్తయ్యగారు రాజోలు వెళ్ళిన రోజునుంచండీ."

"మీ అత్త సీతారత్నం! నేరం చేసి పారిపోయింది!"

"కూతురి పురుటికండీ బాబూ!"

"అందరూ అలాగే చెబుతారు. పెరట్లో ఆనవాళ్ళు చూసొస్తాను, ఆయ్!"

పాపని నిద్రపుచ్చేసరికి నాలుగున్నర. తులసి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. గుయ్య్. మళ్ళీ మొదలుపెట్టింది. గుయ్య్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతలో ఎవరో పీక నొక్కినట్టు మోత ఠక్కున ఆగిపోయింది. కాలి తాడు కదల్లేదు, పాప నిద్రలోనే ఉంది. తులసి ఇంకేమీ ఆలోచించలేదు. ఏకబిగిన కథంతా చదివి పంపేసింది.

పెరట్లోకి వెళ్ళి చూస్తే, వెనక్కి నడుస్తూ అడుగుజాడలు వెతికిన బాబాయిగారి ఒక కాలు ఇంటి కరెంటు ఎర్త్ తీగ పాతిన గోతిలో ఉంది. నెత్తిన చేప పొలుసులు. పొద్దున్న చేపలు కడిగి, కొబ్బరి మొదట్లో పోద్దామని తులసి ఉంచిన నీళ్ళ తొట్టి బోర్లా పడి ఉంది. గోతి నిండా నీళ్ళు.

"పావుగంట నుంచి పిలుస్తున్నానమ్మా!"

"వినపళ్ళేదండీ."

ఈ నీళ్ళకీ మోత ఆగడానికీ సంబంధం ఉందేమోనని అనుమానం వచ్చి అత్తగారికి ఫోన్ చేసింది.

"రోజూ చేపలు కడిగిన నీళ్ళు అందులోనే పోసేదాన్ని కదే! ఎర్త్ గొయ్యి ఎండితే కరెంటు సామాను గుయ్యిమంటుందని కరెంటాయన చెప్పేడు. నీకు చెప్పలేదూ?"

"లేదండీ!"

గోతిలోంచి గర్జన వినిపించింది. "నేను చెప్పలేదూ, సీతారత్నమేనని!"

అంతలో కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది: శబ్దం శుభ్రంగా ఉంది, రెండో కథ పంపండి.

నేరస్థురాలు నేరస్థలానికి తిరిగొచ్చి తీరుతుందని బాబాయిగారు వాచిన కాలితో గోతి దగ్గరే కాపలా కూర్చున్నారు. తులసి హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండో కథ చదువుతోంది. పాపకి తాడుంది. ఆయనకి లేదు. అటుగా వెళ్ళేవాళ్ళెవరైనా పెరట్లోకి ఓసారి తొంగిచూసి, ఆయనెలా ఉన్నారో కాస్త కనుక్కోండి.