ముందు మీరు పదండి

ఆ ఆదివారం ఉదయం అప్పాజీ వేసుకొన్న పథకం చాలా చిన్నది. అయిదింటికి లేవాలి. రెండే రెండు ఇడ్లీలు తినాలి. ఏడింటికల్లా పొలానికి చేరి బండ్లన్నీ ఒకసారి విప్పి బిగించాలి. మధ్యాహ్నం పందెం గెలవాలి. వీటిలో మొదటిది ఒక్కటే అనుకొన్నట్టు జరిగింది.

అప్పాజీకి నిడదవోలు రోడ్డు మీద, చినకాలవపాలెం మలుపులో, మోటారుసైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉంది. పధ్నాలుగేళ్ళ కిందట కిళ్ళీకొట్టులో పొట్లం కట్టి ఇచ్చిన ఇంగ్లీషు పత్రిక కాగితంలో ఒక బొమ్మ అతని కంటబడింది. బ్రేకులు లేని మోటారుసైకిళ్ళ మీద నలుగురు మనుషులు మట్టి చిమ్ముకొంటూ గుండ్రంగా తిరుగుతున్నారు. కింద ఏమి రాశారో అతనికి తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. బొమ్మ చాలు. ఆ వేసవి నుంచి, రెండో పంట దాళ్వా కోతలయి చేను ఎండగానే, చినకాలవపాలెం జట్టుకూ, కోరుకొండ అవతల మెట్టలో ఉన్న రాళ్ళగుంట జట్టుకూ ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ పందెం జరుగుతోంది. ఈ పధ్నాలుగేళ్ళలో షీల్డు గోదావరి దాటి ఇవతలికి ఒక్కసారి కూడ రాలేదు.

ఈ ఏడు, అంటే తొంభయ్యెనిమిది మే నెలలో, పందెం సొంత పొలంలో. అదే ఆఖరు కూడ. జూన్ ఒకటో తారీఖు నుంచి ఆ నాలుగెకరాలూ రొయ్యల చెరువు కాబోతున్నాయి. ఇంకో పొలం ఎవరూ ఇవ్వనన్నారు. కాబట్టి సొంత ఊళ్ళో, సొంత మట్టి మీద ఒక్కసారయినా గెలవాలంటే అప్పాజీకి మిగిలినది ఆ ఒక్క మధ్యాహ్నమే.

ఆరున్నరకు గుమ్మం ముందు స్కూటరు ఆగింది. దిగినవాళ్ళు కూతురు హారతి, అల్లుడు కిరణ్. పెళ్ళయి రెండు నెలలు కాలేదు. అల్లుడిది రాళ్ళగుంట.

"మా జట్టులో ఒకాయనకి అమ్మవారు పోసిందండి మావయ్యగారూ," అన్నాడు కిరణ్ చేతులు నలుపుకొంటూ. "ఆయన బదులు నన్ను ఎక్కమన్నారండి. కాదనలేకపోయానండి."

"దానికేముందండీ! రండి, రండి, కాళ్ళు కడుక్కోండి," అన్నాడు అప్పాజీ. నిజంగానే అందులో ఏమీ లేదనుకొన్నాడు. అతని భార్య సంపూర్ణమ్మ మాత్రం అతన్ని వంటింట్లోకి పిలిచి తలుపు చేరవేసింది.

"ఏవండీ, పందెంలో ముందు బండి వెనకాల బండివాడి మొహాన దుమ్ము కొడుతుంది కదూ?"

"కొట్టకపోతే అది పందెం ఎలా అవుతుంది?"

"కొత్త అల్లుడండీ. గుమ్మంలోకొచ్చిన మనిషి మొహాన దుమ్ము కొడతారా? రేపు వాళ్ళమ్మగారు అడిగితే నేనేం చెప్పను?"

"అయితే ఏంటి, ఓడిపోమంటావా?"

"అయ్యో, నేనెందుకంటానండీ! గెలవండి. దుమ్ము మాత్రం కొట్టకండి."

ఈ రెండు షరతులనూ ఏకకాలంలో నెరవేర్చే ఉపాయం అప్పాజీకి వెంటనే తట్టింది. దుమ్ము లేవకుండా ట్రాకు తడిపితే సరి. జట్టులో రెండోవాడైన బుల్లబ్బాయిని పిలిచాడు. బుల్లబ్బాయి రైసుమిల్లులో పని చేస్తాడు. చెప్పిన మాట జవదాటడని ఊళ్ళో పేరుంది.

"బోరు దగ్గర ఆయిలింజను వేసి ట్రాకు మీదికి నీళ్ళు వదులు. నేనొచ్చి ఆపమనేదాకా ఆపకు. రెండిడ్లీలు తిని పది నిమిషాల్లో వచ్చేస్తా."

అతను అన్న పది నిమిషాలు రెండున్నర గంటలయ్యాయి. దీనికి కారణాన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి.

అల్లుడు వచ్చాడు గనుక ఇడ్లీలు పోయి పెసరట్లు వచ్చాయి. మామా అల్లుళ్ళు ఎదురెదురుగా కూర్చొన్నారు. అతిథి తినడం ముగించకముందే ఇంటి యజమాని చెయ్యి కడుక్కోవడం అప్పాజీ ఇంటా వంటా లేదు. పెద్దవారు లేవకముందే తాను లేవడం కిరణ్ పెరిగిన ఇంట్లో కుదరదు. ఎదుటివారి ఆకులో ఇంకా ఉన్నది గనుక తన ఆకులో వేయించుకోవడం ఇద్దరికీ తప్పలేదు. ఇక సంపూర్ణమ్మ విషయానికి వస్తే, కూర్చొన్నవారు లేచేదాకా వడ్డించడమే ఆమెకు తెలిసిన ధర్మం.

"ఇంకొక్కటి, అల్లుడుగారూ."

"అయ్యో, చాలండి అత్తయ్యగారూ... మావయ్యగారికి వెయ్యండి."

"నాకేంటి, ముందు ఆయనకి వెయ్యి!"

ఎనిమిదో అట్టు దగ్గర అప్పాజీకి పొలం గుర్తుకు వచ్చింది. తొమ్మిదో అట్టు దగ్గర లేవబోయాడు గాని, సంపూర్ణమ్మ చూసిన చూపుకు మళ్ళీ కూర్చొన్నాడు. పదకొండో అట్టు తరవాత హారతి వంటింట్లోంచి "అమ్మా, పిండి అయిపోయింది!" అని కేకవేయడంతో ఇద్దరికీ విముక్తి కలిగింది.

అప్పాజీ పొలానికి చేరేసరికి ట్రాకు కనిపించలేదు. అది ఉండవలసిన చోట, సరిగ్గా అదే ఆకారంలో, నాట్లకు దమ్ము చేసినట్టు మోకాలి లోతు బురద ఉంది. ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది. బుల్లబ్బాయి గట్టు మీద గొడుగు వేసుకొని కూర్చొని ఉన్నాడు.

"ఓరి నీ దుంపతెగ! ఇన్ని నీళ్ళేంట్రా?"

"మీరొచ్చి ఆపమన్లేదు కదండీ," అన్నాడు బుల్లబ్బాయి.

అప్పాజీ ఆపమన్నాక అతను వెంటనే ఆపాడు. అప్పటికే రాళ్ళగుంట జట్టు లారీలో బండ్లతో దిగింది. వాళ్ళ కెప్టెన్ గణేష్‌బాబుకు ఎరువుల కొట్టు ఉంది. అతను చెప్పులు విప్పి ఒక కాలు బురదలో పెట్టి, తీసి, దాని వంక చూసుకొన్నాడు.

"అప్పాజీగారూ, ఇది ట్రాకా, నారుమడా అండీ?"

"అదీ... బోరు కాస్త ఇబ్బంది పెట్టిందండి. నీళ్ళు ఆగలేదు."

బుల్లబ్బాయికి పౌరుషం వచ్చింది. ఆ ఇంజను ముందురోజే అతను స్వయంగా బాగుచేశాడు. "బోరుకేమండీ, బంగారంలా ఉంది! మా అప్పాజీగారే పెట్టమన్నారు, పెట్టాను."

"విన్నారా?" అని గణేష్‌బాబు తన జట్టు వైపు తిరిగాడు. "మెట్టోళ్ళం, మనకి బురద రాదని పొద్దున్నుంచీ నీళ్ళు పెట్టించారట! పధ్నాలుగేళ్ళు మర్యాదగా ఓడిపోయిన మనుషులు, ఆఖర్న ఇలా చేస్తారా అండీ?"

అసలు కారణం చెప్పడం అప్పాజీకి సాధ్యం కాలేదు. చెబితే, అల్లుడు వెనకబడతాడని పందేనికి ముందే మామగారు తేల్చేసినట్టవుతుంది. అది దుమ్ము కొట్టడం కంటె పెద్ద అవమానం. అందుచేత నోరు మూసుకొని, నిందను ఒప్పుకొని, పరిహారంగా తన జట్టువాళ్ళందరూ ప్రతి పందెంలోనూ పది గజాలు వెనక నుంచి బయలుదేరడానికి మాట ఇచ్చాడు.

రిఫరీ యెహెజ్కేలుగారు ఆ మాటను కాగితం మీద రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయిన మనిషి. తెల్ల ప్యాంటు మడతలు నలగకుండా, తన సొంత పచ్చజెండా, ఎర్రజెండా, ఈల, గొలుసు గడియారం తెచ్చుకొని కుర్చీలో కూర్చొన్నారు. లెక్క అందరికీ తెలిసినదే. మొత్తం ఆరు పందేలు. ప్రతి పందెంలోనూ జట్టుకు ఇద్దరేసి, నాలుగు చుట్లు. మొదట వచ్చినవానికి మూడు పాయింట్లు, రెండోవానికి రెండు, మూడోవానికి ఒకటి, నాలుగోవానికి సున్న. పది నిమిషాల గడువు. మొత్తం సమానమైతే షీల్డు కిందటేడు గెలిచినవారి దగ్గరే ఉండిపోతుంది.

ఆ రోజు చినకాలవపాలెం జట్టు ప్రదర్శన ఇలా సాగింది. ఏసుపాదం లంక గ్రామాలకు ఉత్తరాలు పంచే పోస్టుమాన్. వానాకాలంలో సైకిలు మీద అతను దాటని రొంపి లేదు. పది గజాలు వెనక నుంచి బయలుదేరి కూడ ఎక్కిన రెండుసార్లూ మొదటే వచ్చి, కళ్ళజోడు మీద ఒక్క బురద చుక్క కూడ లేకుండా దిగాడు. బుల్లబ్బాయి మూడుసార్లు ఎక్కి మూడుసార్లూ ఒకే మలుపులో, ఒకే వైపు పడ్డాడు. చివరిసారి గొలుసు నిండా మట్టి పట్టుకొంటే బండిని తోసుకొంటూ వచ్చాడు. ఇంకా రెండు బారల దూరం ఉండగా యెహెజ్కేలుగారు ఎర్రజెండా ఎత్తారు.

"వచ్చేశాను కదండీ! కనపడుతున్నాను కదండీ!"

"ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగిన బండి కూడా కనపడుతుంది బాబూ," అన్నారు యెహెజ్కేలుగారు. "ప్లాట్‌ఫారం మీదికి రాందే వచ్చినట్టు కాదు."

అప్పాజీకి పదకొండు పెసరట్ల కారణంగా ముందుకు వంగడం వీలుకాలేదు. సభకు అధ్యక్షత వహిస్తున్నవాడిలా నిటారుగా కూర్చొని నడిపి, రెండుసార్లూ రెండో స్థానం తెచ్చుకొన్నాడు. అవతల కిరణ్ కూడ అలాగే నిటారుగా నడిపాడు. ఇటు జట్టులో నాలుగోవాడు తెచ్చిన అయిదు పాయింట్లతో కలిపి, అయిదు పందేలు ముగిసేసరికి పదిహేనుకు పదిహేను.

ఆరో పందెం చీటీలలో ఇటు ఏసుపాదం, అప్పాజీ పేర్లు వచ్చాయి. అటు గణేష్‌బాబు, కిరణ్.

సరిగ్గా ఆ సమయానికి సంపూర్ణమ్మ రెండు ప్లాస్టిక్ కుర్చీలు మోయించుకొని వచ్చి, హారతిని పక్కన కూర్చోబెట్టుకొని, ముగింపు గీత ఎదురుగా కూర్చొంది. అప్పాజీ వైపు ఒకసారి చూసి, కొంగు సర్దుకొంది.

పచ్చజెండా ఊగింది. ఏసుపాదం రెండో చుట్టులో గణేష్‌బాబును దాటాడు. వాళ్ళిద్దరూ అదే వరుసలో నాలుగు చుట్లూ ముగించి దిగిపోయారు. ఏసుపాదానికి మూడు, గణేష్‌బాబుకు రెండు. గట్టు మీద జనం వేళ్ళు మడిచి లెక్క వేసుకొన్నారు. అప్పాజీ మూడోవాడుగా వస్తే షీల్డు చినకాలవపాలానిది. కిరణ్ వస్తే సమానం, అంటే షీల్డు వెనక్కి రాళ్ళగుంటకు. మిగిలింది ఒక్క పాయింటు.

పది గజాల వెనక నుంచి బయలుదేరిన అప్పాజీ అల్లుడి వెనకే ఉండిపోయాడు. అల్లుడి చక్రం చిమ్మిన బురద అతని మొహాన్ని, మీసాన్ని, చొక్కాను కప్పేసింది. తన వల్ల ఎవరికీ మర్యాద తక్కువ కానందుకు అతనికి సగం తృప్తిగా ఉంది. మిగిలిన సగం, ఆఖరి మలుపులో ఒక్క ఊపు ఊపితే ఏమవుతుందని అడుగుతూనే ఉంది.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. పొద్దున స్కూటరు మీద కొవ్వూరు వంతెన దాటుతున్నప్పుడే హారతి భర్తకు చెప్పింది: "మా నాన్నగారి మొహాన దుమ్ము కొట్టారంటే నేను మీతో మాట్లాడనండి." మూడో చుట్టులో కిరణ్ వెనక్కి తిరిగి చూశాడు. మామగారి మొహం ఉండవలసిన చోట బురద, బురదలో రెండు కళ్ళు కనిపించాయి. వెంటనే వేగం తగ్గించాడు. అతను తగ్గించాడు గనుక అప్పాజీ ఇంకా తగ్గించాడు. అప్పాజీ దాటి పోనందుకు కిరణ్ మరింత తగ్గించాడు. బ్రేకులు లేవు గనుక ఇద్దరూ కాళ్ళు బురదలో ఈడ్చారు. నాలుగో చుట్టులో, గట్టు మీద గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని నడిచిపోతున్న రత్తమ్మ ఇద్దరినీ దాటిపోయింది.

గీతకు రెండు బారల దూరంలో రెండు బండ్లూ పక్కపక్కన ఆగాయి.

"పదండి మావయ్యగారూ."

"అయ్యో, ముందు మీరు పదండి."

"పెద్దవారండి మీరు."

"మా ఊరొచ్చినవారండీ మీరు!"

"తోసేయ్ అప్పాజీ! ఒక్క తోపు!" అని గట్టు మీద ఊరు ఊరంతా అరిచింది. "కదలవయ్యా కిరణూ!" అని గణేష్‌బాబు నెత్తి బాదుకొన్నాడు. యెహెజ్కేలుగారు గొలుసు గడియారం తీసి అరచేతిలో పెట్టుకొన్నారు.

అప్పాజీ గీత వైపు చూశాడు. పధ్నాలుగేళ్ళ కోరికకూ అతనికీ మధ్య ఉన్నది ఆ రెండు బారల బురదే. తరవాత అల్లుడి వైపు చూశాడు. చెమటతో, భయంతో, బళ్ళో పాఠం అప్పగించలేని పిల్లవాడిలా ఉన్నాడు. అప్పాజీ నిట్టూర్చి బండి దిగాడు.

"పోతే పోయిందిలెండి," అని అల్లుడి బండి వెనక చేరి, రెండు చేతులా పట్టుకొని గీత వైపుకు తోయసాగాడు.

"వద్దండి! వద్దు మావయ్యగారూ!" అని కిరణ్ కూడ దూకి, మామగారి బండి హ్యాండిల్ పట్టుకొని గీత వైపుకు లాగసాగాడు. అప్పాజీ తోసిన కొద్దీ అల్లుడి బండి కూరుకొనిపోయింది. కిరణ్ లాగిన కొద్దీ మామగారి బండి ఒరిగిపోయింది. తనను ఎలాగైనా గెలిపించాలని చూస్తున్న మనిషితో ఎవరికి వారు పెనుగులాడుతూ ఉండగా ఈల మోగింది. ఎర్రజెండా లేచింది. పది నిమిషాలు ముగిశాయి.

చినకాలవపాలెం జనం తల దించుకొని గట్టు దిగసాగారు. గణేష్‌బాబు షీల్డును బల్ల మీద నుంచి తీసి చంకలో పెట్టుకొన్నాడు.

"అది అక్కడ పెట్టండి," అన్నారు యెహెజ్కేలుగారు, కాగితం మీద నుంచి తల ఎత్తకుండా. "పదిహేనూ మూడూ పద్ధెనిమిది. పదిహేనూ రెండూ పదిహేడు."

"మరి మూడో స్థానం పాయింటండీ?"

"ఎవరొచ్చారండీ మూడో స్థానంలో? రాని బండికి టైమెలా రాస్తాను? అలా రాసుంటే నాకు పెన్షనిచ్చేవారా?"

ఒక నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. మొదట ఏసుపాదానికి అర్థమైంది. అతను ఆదివారం కూడ వదలని పోస్టుసంచీని గాలిలోకి విసిరాడు. సొంత పొలంలో, ఆఖరి మధ్యాహ్నం, ఒక్క పాయింటు తేడాతో షీల్డు చినకాలవపాలానిది. అప్పాజీ బురదలో కూర్చొని, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు.

గణేష్‌బాబుకు ఆ తరవాత అర్థమైంది. అతను కిరణ్ వైపు తిరిగాడు.

"ఒక్క అడుగు వేస్తే షీల్డు మనది కదయ్యా! పెసరట్లకి అమ్ముడుపోతావా? ఊళ్ళో అడుగుపెట్టు, చెప్తాం!"

లారీ రాళ్ళగుంట వైపు వెళ్ళిపోయింది. కిరణ్ తల వంచుకొని స్కూటరు పక్కన నిలబడ్డాడు. సంపూర్ణమ్మ కుర్చీలోంచి లేచి, అల్లుడి మొహం నాలుగు వైపుల నుంచీ పరీక్షగా చూసింది. ఒక్క చుక్క బురద లేదు. తృప్తిగా తల ఊపింది.

"ఊరుకోండి అల్లుడుగారూ. కోపాలు అవే చల్లారతాయి. అందాకా మన ఇంట్లో ఉందురుగాని. వేణ్ణీళ్ళు కాయిస్తాను, రండి."

షీల్డును ఏడాది తిరిగేసరికి అప్పగించాలని నియమాల కాగితంలో స్పష్టంగా ఉంది. అల్లుడు ఎన్నాళ్ళుంటాడని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదు.