ఖాళీ గడి

నివాసుల సంఘం వెబ్‌సైటు ఆదివారం ఉదయం పదింటికి ప్రారంభమగునని లిఫ్టులో నోటీసు అతికించారు. లిఫ్టు కింది అంతస్తులో తలుపులు తెరుచుకుని ఆగిపోయి చాలాకాలమైంది కాబట్టి అందరూ తీరిగ్గా చదివారు.

వెబ్‌సైటు కట్టింది నాలుగో అంతస్తు ఇంజినీరు. అంతవరకు సభ్యుల వివరాలు అతని మామగారి రిజిస్టరులో ఉండేవి. ఇరవయ్యేళ్లుగా ఆ పెద్దాయన స్కేలుతో గడులు గీసి రాశారు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మనిషిని వెనక్కి పంపేవారు. వెబ్‌సైటు తెరుచుకుంటే ఆ రిజిస్టరు పాత కాగితాలవాడికి ఇవ్వాలని తీర్మానం. రాసింది అల్లుడే.

గడులంటే ఇంజినీరుకు గిట్టదు. అందుకే లాగిన్ వివరాలను డాక్యుమెంట్ డేటాబేసులో పెట్టాడు. అంటే మనిషికో కాగితం. అందులో ఏముందని ఎవరూ అడగరు. సభ్యులు ఈ స్వేచ్ఛను సద్వినియోగం చేసుకున్నారు. సంగీతం టీచరు పుట్టినతేదీ దగ్గర "మీకెందుకు" అని రాసింది. పళ్ల డాక్టరు రెండు పాస్‌వర్డులు పెట్టుకున్నాడు, ఒకటి భార్యకు చెప్పడానికి.

"గడులు గీయడం బానిసత్వం! నేను కట్టింది కోట. చీమ కూడా దూరలేదు," అని ఇంజినీరు ఆదివారం ప్రారంభ సభలో ఇరవై నిమిషాలు ప్రసంగించాడు. తర్వాత పెద్ద తెర మీద తన పేరుతోనే లాగిన్ కాబోయాడు. పాస్‌వర్డు తప్పు అంది కోట. ఏడోసారికి చొక్కా తడిసింది.

"ఏమండీ, ఆ క్యాప్స్ లాక్ చూడండి," అంది భార్య.

"నువ్వాగు. కట్టింది నేనా, నువ్వా?"

"కోట బ్రహ్మాండంగా ఉందండీ, కట్టినాయనే దూరలేకపోతున్నాడు!" అన్నాడు పళ్ల డాక్టరు.

"నన్నోసారి చూడనివ్వండి బాబూ," అని మామగారు లేచొచ్చారు. ఏ మీట నొక్కాలో తెలియక, అన్నిటికన్నా పెద్దగా కనిపించిన ఎంటర్ నొక్కారు. తెర మీద అల్లుడి పేరు అలాగే ఉంది, పాస్‌వర్డు దగ్గర ఏమీ రాయలేదు.

సుస్వాగతం అంది కోట.

జరిగిందేమిటంటే, మొట్టమొదటి కాగితం ఇంజినీరు తనకోసం హడావుడిగా రాసుకున్నాడు. పాస్‌వర్డు రాయడం మరిచాడు. అడిగే గడి లేదు. కట్టిన మూడు నెలలూ కట్టేవాళ్ల దొడ్డిదారినే రాకపోకలు సాగించాడు కాబట్టి గుమ్మం తొక్కే పనీ పడలేదు. లేని పాస్‌వర్డుకు లేని పాస్‌వర్డు అచ్చంగా సరిపోయింది.

"నా దగ్గరికొచ్చుంటే వెనక్కి పంపేవాణ్ణి అల్లుడుగారూ," అన్నారు మామగారు, మర్యాదగానే.

సభ్యులు తీవ్రంగా చర్చించారు. ఏమీ రాయకుండా లోపలికెళ్లడం సుఖంగా ఉందనీ, మరిచిపోయే బెంగ ఉండదనీ అందరి పాస్‌వర్డులూ తీసేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. వెబ్‌సైటు తెరుచుకుంది కనక రిజిస్టరు పాత కాగితాలవాడికే అన్నారు.

రిజిస్టరును ఇంజినీరే చంకలో పెట్టుకుని నాలుగంతస్తులూ ఎక్కాడు, బీరువాలో పెట్టి తాళం వేద్దామని. మామగారు వెనకే నడిచారు. తలుపుకు మూడు తాళాలున్నాయి. భార్య గుమ్మం ముందున్న కాళ్లు తుడుచుకునే పట్టా ఎత్తి, కింద నుంచి తాళంచెవుల గుత్తి తీసింది.

ఎదురింటివాళ్లు మర్యాదగా తల తిప్పుకున్నారు. వాళ్లది పూలకుండీలో ఉంటుంది. మీది ఎక్కడుంటుందో మేం అడగం. మీ ఎదురింటివాళ్లను అడిగితే చెప్తారు.