మేం అప్పు చేసి బ్యాంకు కొన్న వైనం

మావారు ఒక బ్యాంకుకు యజమాని అయ్యారని పాఠకులకు సవినయంగా తెలియజేస్తున్నాను. అందుకు కావలసిన సొమ్ము ఆ బ్యాంకే అప్పిచ్చింది.

మా వీధి చివరి బ్యాంకులో మేనేజరుగారి బల్ల ముందు రెండు కుర్చీలున్నాయి. ఎడమ కుర్చీలో కూర్చున్నవారికి ఆయన అప్పు ఇస్తారు. లేచి కుడి కుర్చీలోకి మారితే ఆ సొమ్మునే కంపెనీల వాటాలు కొనే యూనిట్ ఫండులో పెట్టిస్తారు. శ్రమంతా లేచి కూర్చోవడమే. అప్పుకు తొమ్మిది శాతం వడ్డీ. ఫండుకు పదిహేను శాతం రాబడి అని గోడ మీద రంగుల బొమ్మ. రాబడి వాయిదాలు కడుతుంది, మిగిలింది మనం తింటాం. లెక్కల మాస్టారైన మావారు ఆ తీసివేతను నాకు ఎంతో ఓపికగా చెప్పారు. ఇల్లు నా పేరున ఉంది కనుక తాకట్టు కాగితాల మీద సంతకం చేసే గౌరవం నాకు దక్కింది.

"రాబడి రాకపోతేనో?" అన్నాను.

"గోడ మీద అంత స్పష్టంగా ఉంటే!" అన్నారు మావారు.

"గోడ మీద బల్లి కూడా ఉందిరా," అన్నారు వెంట వచ్చిన మా అత్తగారు. ఆవిడ పేర ఆస్తి లేనందున ఆ మాట పరిగణనలోకి రాలేదు.

ఆ ఫండు మా సొమ్మును చాలావరకు అదే బ్యాంకు వాటాల్లో పెట్టిందని తర్వాత తెలిసింది. ఆనాటినుంచి మావారి నడకే మారింది. బ్యాంకుకు వెళ్ళి ఊరికే తిరుగుతున్న ఫ్యాన్లు ఆపేవారు. గుమాస్తాలు టీకి లేస్తే గడియారం చూసేవారు. దారం కట్టిన పెన్నుతో ఎవరైనా తీరిగ్గా రాస్తుంటే, "కాస్త పొదుపుగా రాయండి బాబూ, ఇంకు మనదే," అనేవారు.

ఇంతలో ఫండు ధర దిగజారింది. రాబడి రాలేదు, జీతం ఇల్లు గడవడానికే సరిపోయింది. మూడు వాయిదాలు తప్పాయి.

"ఏమండీ, ఉన్నకాడికి అమ్మేసి అప్పు తీర్చేద్దాం. ఇల్లు పోతుంది," అన్నాను.

"కష్టకాలంలో యజమాని పారిపోతాడుటే?" అన్నారు.

ఖాతాదారుల సభలో మేనేజరుగారు, బాకీలు వసూలుకాక వాటాల ధర పడిందని విచారం వెలిబుచ్చారు. మావారు లేచారు.

"సోదరులారా! మన బ్యాంకును ముంచుతున్నదెవరు? అప్పు తీసుకుని కట్టని పెద్దమనుషులు! వాళ్ళ దగ్గర మొహమాటం దేనికి? గేట్లకు నోటీసులు అంటించండి! ఇళ్ళు వేలం వెయ్యండి!"

నేను చొక్కా లాగి, "మనవీ మూడు..." అన్నాను.

"ఉండవే, పెద్ద విషయాలు మాట్లాడుతుంటే!"

హాలు చప్పట్లతో మారుమోగింది. అందులో ఎడమ కుర్చీలో కూర్చోనివారు, నాకు తెలిసినంతవరకు, ఒక్కరూ లేరు.

యజమాని మాటను బ్యాంకు తోసిపుచ్చలేదు. వారం తిరక్కుండానే ఒక ఉద్యోగి జిగురు డబ్బాతో వచ్చి మా గేటుకు నోటీసు అంటించాడు. బాకీ కట్టకపోతే ఇల్లు వేలం. మావారు దగ్గరుండి, "ఎడమవైపు కిందికి జారింది, సరిగ్గా పెట్టు," అని పని నాణ్యంగా చేయించారు. లోపలికొచ్చి, "ఇప్పుడు గాడిలో పడింది మన బ్యాంకు! ఇక ధర లేస్తుంది చూడు," అన్నారు.

నేను యూనిట్లు అమ్మే కాగితం ముందు పెట్టాను. అత్తగారు పెన్ను అందించి, "ఇంకు మనదేలే, పెట్టు," అన్నారు. ఆ విధంగా మావారు యజమానిగా పదవీ విరమణ చేశారు. తగ్గిన సొమ్ము నా గాజులు భర్తీ చేశాయి. ఇల్లు నిలిచింది.

నోటీసు అంటించిన రోజే మా గేటు చూడటానికి, సభలో చప్పట్లు కొట్టినవారంతా వచ్చి జాలిపడ్డారు. వాళ్ళు తిరిగి వెళ్ళేసరికి వాళ్ళ గేట్ల మీదా నోటీసులు తడిగా ఉన్నాయి. మీ గేటు ఇంకా శుభ్రంగా ఉందంటే అది మీ ముందుచూపు వల్లనే అనుకోకండి. ఆ రోజుకు జిగురు అయిపోయింది.