కండక్టర్ గారి పద్నాలుగు రోజుల అలక

ఆ మాస్కుల రోజులు మీ అందరికీ గుర్తున్నాయి కదా? నాకైతే తలచుకోగానే ముందు ముక్కు దురద పెడుతుంది, తర్వాత నవ్వొస్తుంది, ఆ తర్వాత మరొకటి వస్తుంది. అదేమిటో మీకే తెలుస్తుంది. టీలు చల్లారిపోకముందే తాగేయండి, ఇది కాస్త పొడుగాటి కథ.

అప్పట్లో మా ఇంట్లో గడప దాటే హక్కు నా ఒక్కడిదే. వారానికోసారి కూరగాయలకి, మందులకి. మా ఆవిడకి ఆ హక్కు లేదు. అంతకుముందు చలికాలంలో ఆవిడకి న్యుమోనియా వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ తొమ్మిది రోజులూ నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆక్సిజన్ సీసాలో బుడగలు లెక్కపెట్టాను. ముప్ఫై ఏళ్ళు బస్సులో తలలు లెక్కపెట్టిన కండక్టర్ని, లెక్క తప్పడం ఎరగను. ఆ బుడగలు మాత్రం ఎన్నిసార్లు మొదలుపెట్టినా తప్పిపోయేవి.

ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఆవిడ ఊపిరితిత్తులు ఇంకో దెబ్బ తట్టుకోవు, జాగ్రత్త" అన్నాడు. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. నేనొక్కణ్ణే మోశాను.

అందుకే ఆ వైరస్సు వచ్చాక నా జాగ్రత్తలు అలా ఉండేవి. మాస్కు మీద మాస్కు, కళ్ళకి మా అమ్మాయి చిన్నప్పటి ఈత కళ్ళద్దాలు, చేతులకి రబ్బరు తొడుగులు, మండుటెండలో రెయిన్‌కోటు. వీధిలో కుక్కలు కూడా నన్ను చూసి మొరగాలో పారిపోవాలో తేల్చుకోలేక కూర్చుండిపోయేవి.

గుమ్మంలో మా ఆవిడ తనిఖీ ఉండేది. ఆవిణ్ణి నేను ఇన్‌స్పెక్టరమ్మ అంటాను. బస్సులో చెకింగ్ ఇన్‌స్పెక్టర్లని ముప్ఫై ఏళ్ళు తప్పించుకున్నాను కానీ ఇంట్లో ఒక్కరోజు కూడా కుదరలేదు.

"చేతులు చూపించండి."

చూపించాను. తొడుగుల్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేళ్ళ దగ్గర ఏదో తుడిచింది.

"ఏం రాస్తున్నావు?"

"శుభ్రం చేస్తున్నా. దారిలో ఎవరితోనూ కబుర్లు వద్దు. మూతి ముట్టుకోవద్దు. ముఖ్యంగా మీ చెయ్యి మీ నోటి దగ్గరికి వెళ్ళకూడదు."

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా?"

"పసిపిల్లలకి ఒక్కసారి చెప్తే చాలు" అంది.

సరే, కొట్టుకి వెళ్ళాను. మనిషికీ మనిషికీ మధ్య ముగ్గుపిండితో గీసిన గళ్ళు. నా గడిలో నేను విగ్రహంలా నిలబడ్డాను. ముందున్నాయన దగ్గితే ఊపిరి బిగబట్టాను. వెనకాయన తుమ్మితే బిగబట్టిన ఊపిరి మర్చిపోయి కళ్ళు తిరిగాయి. ఎలాగో నా వంతు వచ్చింది. కూరగాయల కొట్టావిడ దూరం నుంచే ఒక పల్చటి ప్లాస్టిక్ సంచి గాలిలోకి వదిలి, "విప్పి పట్టుకోండి, టమాటాలు పోస్తా" అంది.

ఆ సంచి విచ్చుకోదు. రెండు పొరలూ అతుక్కుపోయాయి. అటు నలిపాను, ఇటు నలిపాను. వెనక లైను గొణుగుతోంది. "త్వరగా, త్వరగా" అంది కొట్టావిడ.

త్వరగా అన్న మాట కండక్టరు చెవిన పడితే ఏమవుతుందో మీకు తెలియదు. ముప్ఫై ఏళ్ళ బస్సు మొత్తం నా ఒంట్లోకి వచ్చేసింది. ఎడమచెయ్యి రెండు మాస్కులూ కిందికి లాగింది. కుడిచేతి బొటనవేలు నాలిక మీదికి వెళ్ళింది. టికెట్ల కట్టలోంచి టికెట్ చింపినట్టు సంచి చటుక్కున విచ్చుకుంది. "ఎక్కడికి?" అని కూడా అన్నాను.

కొట్టావిడ టమాటాలు పట్టుకుని అలాగే ఉండిపోయింది. నా వెనక లైను నాలుగు గళ్ళు వెనక్కి జరిగింది.

అప్పుడు తెలిసింది నాకు ఏం చేశానో. దానికి తోడు నోరంతా చేదు. అలాంటిలాంటి చేదు కాదు, నాలిక వేరు దాకా పాకే చేదు. వైరస్సు సోకితే రుచి పోతుందని విన్నాను కానీ ఇలా కొత్త రుచి వస్తుందని ఎవరూ చెప్పలేదు. నాకు తగిలింది కొత్త రకమని తేల్చుకున్నాను.

దారిపొడుగునా ఆలోచించాను. నిజం చెప్తే? మా ఆవిడ భయపడి దూరంగా ఉండే మనిషి కాదు. నాకు చిన్న జ్వరం వస్తే మంచానికి కుర్చీ ఆనించుకుని కూర్చుంటుంది. నుదుటి మీద చెయ్యి తియ్యదు. అందుకని చెప్పకూడదు. చెప్పకుండా పద్నాలుగు రోజులు ఆవిణ్ణి నా దగ్గరికి రానివ్వకూడదు. దీనికి ఒక్కటే దారి కనిపించింది: పెద్ద గొడవ పెట్టుకుని, అలిగి, ముందుగదిలో తలుపేసుకోవడం.

ఇంటికి రాగానే స్నానం చేసి, ఆరు గ్లాసుల నీళ్ళు తాగి, చెంచాడు పంచదార నోట్లో వేసుకుని, వంటగది గుమ్మానికి ఆరడుగుల దూరంలో నిలబడి గొంతు సవరించుకున్నాను.

"కూరలో ఉప్పెక్కువైంది."

"ఇంకా పొయ్యి మీద పెట్టలేదండీ."

"పెట్టాక ఎక్కువవుతుంది, నాకు తెలుసు."

"అయితే తక్కువే వేస్తాలెండి."

ఇలా కాదని రూటు మార్చాను. "ఆ కర్టెన్ల రంగు చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది."

"మీరు తెచ్చినవే. పదకొండేళ్ళయింది. నాకూ మండుతూనే ఉంది."

"మీ అన్నయ్య గురక పెడతాడు."

"అవునండీ, పాపం మా వదిన ఎలా భరిస్తోందో."

గొడవకి ఇద్దరు కావాలి. ఆవిడ ఏది అన్నా ఒప్పేసుకుంటోంది. ఆరిన బట్టలు మడతపెట్టుకుంటూ, అలవాటు ప్రకారం సన్నగా కూనిరాగం తీస్తోంది. ఆ రాగానికి మాటలుండవు. పెళ్ళయినప్పటి నుంచీ మా ఇంట్లో బట్టలు మడతపడ్డాయంటే ఆ రాగం వినిపించాల్సిందే. ఇక దారి లేక, గోడ వైపు చూస్తూ అనేశాను.

"ఆ కూనిరాగం ఒకటి! ముప్ఫై ఏళ్ళుగా చెవులు చిల్లులు పడుతున్నాయి."

రాగం ఆగింది. చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది. నాకు అక్కడికక్కడే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. ఆవిడ నన్నొకసారి పైనుంచి కిందిదాకా చూసింది.

"సరే. అలిగితే ముందుగదిలోకి వెళ్ళి అలగండి. దిండూ దుప్పటీ అక్కడే పెట్టాను. తలుపేసుకోండి" అంది.

దిండు అప్పటికే అక్కడికి ఎలా వెళ్ళిందని నాకు అనుమానం రావాలి. రాలేదు.

అలా మొదలైంది నా అలక. భోజనం పళ్ళెం తలుపు దగ్గర పెట్టి, ఒక్కసారి తట్టి వెళ్ళిపోయేది. ఆవిడ అడుగుల చప్పుడు దూరమయ్యాక నేను తలుపు తీసేవాణ్ణి. పళ్ళెం నేనే కడుక్కుని కిటికీలో పెట్టేవాణ్ణి. గంటగంటకీ జ్వరం చూసుకునేవాణ్ణి. రెండోరోజు నూట నాలుగు చూపించింది. అమ్మాయికి ఆఖరి ఉత్తరం రాద్దామని కాగితం తీశాక గుర్తొచ్చింది, థర్మామీటరు పెట్టుకోబోయే ముందు వేడి టీ తాగానని.

వాసన పోతుందేమోనని రోజూ పొద్దున్నే పరీక్ష పెట్టుకునేవాణ్ణి. ఆ గదిలో గట్టి వాసన వచ్చే వస్తువు నా పాత డ్యూటీ సాక్సు ఒక్కటే. కిటికీ దగ్గర నిలబడి కళ్ళు మూసుకుని దాన్ని గుండెల నిండా పీల్చేవాణ్ణి. కళ్ళు తెరిస్తే ఒకరోజు వాకిట్లోంచి మా ఆవిడ చూస్తోంది. మర్నాడు పళ్ళెంతో పాటు రెండో సాక్సు కూడా వచ్చింది.

మూడోరోజు భయం తట్టుకోలేక మా డ్రైవర్ బావకి ఫోన్ చేశాను. ఇరవై ఏళ్ళు ఒకే బస్సు నడిపాం. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని వాడికి చెవులు దిబ్బళ్ళు పడ్డాయి, గొంతు మాత్రం పెరిగింది. గుసగుసగా సంగతంతా చెప్పాను.

"ఏంట్రా? వేలు నాకావా?" అని అరిచాడు. ఫోను నా చెవికి ఆనించి ఉన్నా వీధి మొత్తానికి వినిపించింది. "చెల్లెమ్మకి చెప్పకుండా దొంగ అలక అలిగావా?"

ఫోను దిండు కింద కుక్కేసి గట్టిగా దగ్గాను. దగ్గితే ఇంకా ప్రమాదమని గుర్తొచ్చి ఆ దగ్గుని పాటగా మార్చాను. వంటగదిలో మిక్సీ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. హమ్మయ్య, విని ఉండదు అనుకున్నాను.

నాలుగోరోజు సాయంత్రం తలుపు అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"తలుపు తీయకండి. నేనూ కోపంగానే ఉన్నాను. నా వంతు తిట్లు నేనూ తిట్టాలిగా" అంది.

"తిట్టు" అన్నాను. నేనూ ఇవతల కుర్చీ వేసుకున్నాను.

తిట్టింది. ఒక వరసలో, ఏళ్ళవారీగా తిట్టింది. డ్యూటీ నుంచి వచ్చి, అరిచి అరిచి గొంతు పోయిందంటూ మూగవాడిలా పడుకున్న రోజులు. అమ్మాయి మొదటిసారి నడిచిన పూట నేను ఓవర్‌టైములో ఉండటం. సినిమాకి తీసుకెళ్ళి అలవాటు కొద్దీ హాల్లో తలలు లెక్కపెట్టడం. నేను ఒక్కటి కూడా కాదనలేకపోయాను. మర్నాడు సాయంత్రం అదే వేళకి కుర్చీ చప్పుడు కోసం ఎదురుచూశాను.

ఆరోరోజుకి తిట్లు అయిపోయి పాత కబుర్లు మొదలయ్యాయి. ఆవిడ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే రోజుల్లో నా బస్సులో నాలుగో స్టాపులో ఎక్కేది. రోజూ ఆలస్యమే. మూల తిరిగి పరుగెత్తుకుంటూ వచ్చేది. నేను "హోల్డాన్" అని అరిచి బస్సు ఆపించేవాణ్ణి. డ్రైవర్ బావ అద్దంలోంచి నన్ను కొరకొర చూసేవాడు.

"నాకు ఆలస్యం ఎప్పుడూ కాలేదండీ" అంది తలుపు అవతలి నుంచి. "మూల మీద మందుల షాపు పక్కన నిలబడి ఉండేదాన్ని. బస్సు వచ్చాక పరుగెత్తేదాన్ని. ఆపుతారో లేదో చూద్దామని."

ముప్ఫై రెండేళ్ళ తర్వాత తెలిసిన సంగతి ఇది. నేనూ నా సంగతి ఒకటి చెప్పాను.

"నీ టికెట్ నేనెప్పుడూ వేలు తడిపి చింపలేదు. రుమాలుతో చెయ్యి తుడుచుకుని చింపేవాణ్ణి. ఒక్కోసారి రెండేసి టికెట్లు వచ్చేసేవి."

"తెలుసు" అంది. "బస్సు మొత్తానికి ఉమ్మి టికెట్లు, నాకొక్కదానికే పొడి టికెట్టు. అది చూసే పెళ్ళికి ఒప్పుకున్నా."

ఆ తలుపుకి ఇవతల నేను ఏడ్చానని మీకు చెప్పడానికి సిగ్గేమీ లేదు. ముక్కు చీదితే జలుబనుకుంటుందని మాత్రం చీదలేదు.

అలా పద్నాలుగు రోజులు గడిచాయి. జ్వరం రాలేదు, సాక్సు వాసన పోలేదు. అవతల గదిలో బట్టలు మడతపడే వేళకి మాత్రం ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. ఆ రాగం లేదు. చెవులు రిక్కించి వినేవాణ్ణి. లేదు.

పదిహేనో రోజు పొద్దున్నే తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. బస్సు కదలమని కొట్టే రెండు బెల్లుల్లా.

"రైట్ రైట్" అంది ఆవిడ. "బయటికి రండి."

వచ్చాను. ఏదో ఒకటి చెప్పి రాజీ పడాలని మాటలు వెతుక్కుంటున్నాను. బల్ల మీద ఒక చిన్న సీసా ఉంది.

"ఇదేంటో తెలుసా?"

"తెలీదు."

"కిందటి నెల మందుల లిస్టులో రాస్తే మీరే కొనుక్కొచ్చారు. చదవండి."

చదివాను. వేలు చీకే చంటిపిల్లలకి మాన్పించడానికి వేలికి రాసే చేదుమందు.

"అంటే... తొడుగు మీద ఆ రోజు..."

"బొటనవేలికి రెండు పూతలు వేశాను. నోట్లో పెట్టుకోబోతే వాసనకే ఆగుతారనుకున్నా. మీరు ఆరు గ్లాసుల నీళ్ళు తాగి పంచదార డబ్బా వెతుక్కున్నప్పుడే తెలిసిపోయింది. అప్పుడే దిండు ముందుగదిలో పెట్టాను. ఇక మీ డ్రైవర్ బావగారు వీధి మొత్తానికి చెప్పారుగా."

"మిక్సీ తిరుగుతోంది కదా?"

"ఖాళీ మిక్సీ. మీరు కంగారు పడకూడదని వేశాను."

"అన్నీ తెలిసి నా తిట్లు ఎందుకు పడ్డావు? అడ్డుపడి అడగొచ్చుగా?"

ఆవిడ సీసా మూత బిగిస్తూ తలెత్తకుండా చెప్పింది. "డాక్టరు మీకు చెప్పింది నాకూ చెప్పాడండీ. మీరు దాచుకున్నారని నేనూ దాచుకున్నా. మీ భయం నా కోసమేనని తెలుసు. అడిగితే ఒప్పుకోరు. పైగా..." అని ఆగింది. "తలుపు తీసి ఉన్నన్నాళ్ళూ మీరు నాతో ఇంత మాట్లాడింది లేదు. రోజూ సాయంత్రం ఆ కుర్చీ వదులుకోబుద్ధి కాలేదు."

నేను తల వంచుకుని నిలబడ్డాను. టికెట్ లేకుండా దొరికిపోయిన వాళ్ళు ఎలా నిలబడతారో ముప్ఫై ఏళ్ళు చూశాను కనక నాకది బాగా వచ్చు.

"మరి ఆ కూనిరాగం..." అన్నాను.

"చెవులు చిల్లులు పడుతున్నాయన్నారుగా."

"అబద్ధం."

"తెలుసు. గోడ వైపు చూసి అన్నారు. అయినా పద్నాలుగు రోజులు మానేశాను. లేకపోతే మీకెలా ఉంటుందో మీకూ తెలియాలిగా."

అని ఉతికిన బట్టల బుట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసి, ఒక చొక్కా తను తీసుకుంది. సగం మడత పడ్డాక రాగం మొదలైంది. నేను ఒక్క మడత కూడా సరిగ్గా పెట్టలేకపోయాను.

ఇదంతా జరిగి చాలా రోజులైంది. మాస్కులు పోయాయి, ముగ్గుపిండి గళ్ళు చెరిగిపోయాయి. ఆవిడ ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, నన్ను తిట్టేటప్పుడు తెలుస్తుంది. నేనే మళ్ళీ టీవీ ముందు మూగవాణ్ణవుతున్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది?

ఇంక లేస్తానర్రా, మందుల షాపు మూసేస్తారు. ఇవాళ పొద్దున లిస్టులో చివర మళ్ళీ ఆ సీసా రాసింది. ఈసారి లిస్టు మొత్తం చదివాను. చదివి, సీసాకి పద్నాలుగు రోజుల అలక లెక్కన, ఒకటి కాదు, రెండు తీసుకెళ్దామనుకుంటున్నాను.